పారేసేదంతా డబ్బిచ్చి కొన్నదే!

వంటింటి నుంచి పంటకాలువ దాకా దుబారా

అమలాపురం: ఏటా దాళ్వా కోతల వేళకు గోదావరి డెల్టా కాలువలు కట్టేస్తారు. నీరు తగ్గి కాలువ అడుగు బయటపడే ఆ కొద్ది వారాల్లో కోనసీమ పల్లెల్లో ఒక దృశ్యం కంటబడుతుంది. వంతెనల కింద, తూముల నోళ్ళ దగ్గర, రేవు మెట్ల పక్కన రంగురంగుల ప్లాస్టిక్ కవర్లు, షాంపూ పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు బురదలో కూరుకుపోయి అట్టలు కట్టి వుంటాయి. జూన్‌లో తిరిగి నీరు వదిలారో లేదో అవన్నీ పైకి లేస్తాయి. కొన్ని చేలల్లోకి, కొన్ని మురుగు కాలువల్లోకి పోతాయి. మిగిలినవి సముద్రం పాలవుతాయి. సార్వా నాట్లు వేసే కూలీల కాళ్ళకు చుట్టుకునేవీ, శివారు పొలానికి నీరందకుండా తూముకు అడ్డం పడేవీ ఇవే.

ఆ కవర్లలో ఏ ఒక్కటీ ఊరికే వచ్చింది కాదు. కవరు ధర విడిగా వేయకపోయినా సరుకు ధరలో అది కలిసే వుంటుంది. కాలువలో కొట్టుకుపోతున్న చెత్తకు ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు డబ్బు చెల్లించే వున్నారు. ఇంటి చెత్త తగ్గించడమంటే ఊరి శుభ్రత కోసం చేసే ఉపకారమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ముందు ఇంటి ఖర్చు సంగతి. ఊరి సంగతి ఆ తరువాతే.

చెత్తబుట్ట లేని ఇల్లు

నలభై, యాభై ఏళ్ళ కిందటి పల్లెటూరి ఇంట్లో చెత్తబుట్ట అనే వస్తువే లేదంటే అతిశయోక్తి కాదు. దొడ్లో పెంటపోగు వుండేది. కొట్టుకు వెళ్ళేటప్పుడు చేతిలో గుడ్డ సంచీ, నూనెకు సీసా వుండేవి. బెల్లం, చింతపండు కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారు. ఆ పురికొసను కూడా విప్పి వుండ చుట్టి దాచే ముసలమ్మలు ప్రతి వీధిలోనూ వుండేవారు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల చెక్కులు కుడితి గోలెంలోకి పోయేవి. పొయ్యి బూడిదతో అంట్లు తోమేవారు, మిగిలింది పాదుల్లో చల్లేవారు. తోమడానికి పీచు కొబ్బరికాయదే. ఈనెలు చీపుళ్ళయ్యేవి, మట్టలూ డొక్కలూ పొయ్యిలోకి వెళ్ళేవి. చిరిగిన చీర బొంతగా మారేది. ఆ బొంతా చిరిగితే మసిగుడ్డగా పనికి వచ్చేది.

అలాగని ఆ రోజులన్నీ బంగారమని చెప్పడానికి లేదు. ఆ పొదుపులో సగం లేమి వల్ల వచ్చిందే. కట్టెల పొయ్యి పొగకు ఆడవారి కళ్ళు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. తిరిగి గొట్టంతో పొయ్యి ఊదుకోమని ఎవరూ చెప్పబోరు. గ్యాసు రావడం మంచిదే అయింది. ఐతే గ్యాసుతో పాటు బూడిద పోయింది. పాడి తగ్గి కుడితి పోయింది. పెంటపోగు వున్న చోట ఇప్పుడు సిమెంటు చప్టా వుంది. వాటి బదులు ఏం చేసుకోవాలో ఎవరూ ఆలోచించకుండానే అన్నీ మారిపోయాయి. చివరకు పెరట్లో ఎరువు కావలసిన చెక్కులను కూడా ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి కాలువ గట్టున విసిరే అలవాటు వచ్చింది. ఆ చెక్కులు నెల తిరక్కుండా మట్టిలో కలిసేవే. మూట కట్టిన కవరు మాత్రం మనవల కాలానికి కూడా అక్కడే వుంటుంది.

గుప్పెడు బియ్యం లెక్క

వంటింటి దుబారాలో మొదటి స్థానం అన్నానిదే. పూర్వం గిద్దె, సోల, తవ్వ అని కొలిచి బియ్యం పోసేవారు. ఇప్పుడు చేత్తో అందాజుగా పోయడం ఎక్కువయింది. రోజుకు ఒక్క గుప్పెడు బియ్యం, అంటే సుమారు 50 గ్రాములు, అదనంగా వండి పారేసే ఇంట్లో నెలకు కిలోన్నర పోతుంది. ఏడాదికి అది 18 కిలోలు. దానికైన గ్యాసు, నీరు వేరు. ఇంట్లో ఒక కొలత గిన్నె నిర్ణయించుకుని, ఆ పూట భోజనానికి వుండేదెవరో ముందుగా అడిగి ఎసరు పెడితే చాలు. కాలేజీకి, టౌనుకు వెళ్ళే పిల్లలు వుండే ఇళ్ళలో ఈ అడగడమే జరగడం లేదు.

మిగిలిన అన్నానికి గోదావరి ప్రాంతంలో తరతరాలుగా మంచి ఉపాయమే వుంది. రాత్రి అన్నంలో గంజో, మజ్జిగో పోసి వుంచితే పొద్దుటికి పులిసి తరవాణి అవుతుంది. వేసవిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలం వెళ్ళేవారికి దానంత చలవ మరొకటి లేదు. ఒక జాగ్రత్త మాత్రం వుంది. అన్నాన్ని గిన్నెలో అలాగే వదిలేసి, మర్నాడు మధ్యాహ్నం వేడి చేసి తినడం మంచిది కాదు. వేసవి ఉక్కకు అందులో పెరిగే సూక్ష్మజీవులు విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రి ఖర్చు ముందు గుప్పెడు అన్నం ఖరీదు ఎంత? వాసన, జిగట కనిపించిన అన్నం ఎరువు కుప్పకు తప్ప మరి దేనికీ పనికి రాదు.

కూరగాయల విషయంలో కోనసీమ గృహిణులకు ఒకరు నేర్పవలసింది లేదు. బీరకాయ చెక్కుతో పచ్చడి, సొరకాయ చెక్కుతో మరో పచ్చడి, అరటి పువ్వు కూర, దూట కూర, పనస గింజల వేపుడు ఈ సీమ వంటలే. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిల్లో వీటిని ఇష్టపడి నేర్చుకునేవారు లేకపోలేదు. దూట చీరడానికి ఓపిక కావాలి, ఆ మాట నిజమే. కాని గెల కోసిన తరువాత ఆ బోదెను నరికి పారేయడం కంటే అరగంట ఓపిక పట్టడం చవక.

ధర పడిపోయినప్పుడు కొని ఎండబెట్టుకోవడం కూడా పొదుపే. మామిడి ఒరుగులు, మాగాయ, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు వానాకాలంలో కూరలు మండిపోయే రోజుల్లో ఆదుకుంటాయి. పప్పులు, మినుములు పురుగు పట్టి పారేసేవారు ఒకసారి బాగా ఎండబెట్టి, చల్లారాక తడి లేని డబ్బాలో పోసి, ఎండిన వేపాకు వేసి మూత బిగిస్తే చాలా వరకు నష్టం తప్పుతుంది. వేడి మీదే డబ్బాకెత్తితే లోపల చెమ్మ పట్టి అసలుకే మోసం వస్తుంది.

గేదె కడుపులో కవరు

పాడి వున్న ఇంట్లో ఇప్పటికీ కుడితి గోలెం అన్నిటికంటె గొప్ప చెత్తబుట్ట. కడుగు నీళ్ళు, గంజి, చెక్కులు, ఇంత తవుడు కలిపితే గేదెకు ఇష్టమైన ఆహారం. పాడి లేని ఇళ్ళవారు పక్కింటి గోలెంలో పోయడం పల్లెల్లో ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది నిలబెట్టుకోదగ్గ అలవాటు. సబ్బు నీళ్ళు, ఉప్పుకారం ఎక్కువైన పచ్చళ్ళు, బూజు పట్టినవి మాత్రం అందులో పోయరాదు.

రైతులు ముఖ్యంగా కాచుకోవలసింది పెళ్ళి భోజనాల మర్నాడు. మిగిలిన అన్నం గంపలకొద్దీ తెచ్చి పశువుల ముందు పోస్తే అవి ఆబగా తింటాయి. అన్నం, ధాన్యం ఒక్కసారిగా ఎక్కువ తిన్న పశువు పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. మేత మానేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, చూస్తుండగానే కూలబడుతుంది. సకాలంలో పశువైద్యుడు రాకపోతే చావడం కూడా జరుగుతుంది. పారేయడం ఇష్టం లేక పెట్టిన అన్నమే ఇంటి ఆదాయాన్ని తీసుకుపోయినట్టవుతుంది. పశువు అలవాటు పడిన మేత మానిపించకుండా, కొద్దికొద్దిగా మాత్రమే పెట్టాలి. మిగిలింది ఎరువు గుంటకు పోవలసిందే.

దీనికంటె పెద్ద ముప్పు కవరు. తినుబండారాల వాసన అంటిన కవరును పశువు విడదీసి తినలేదు, కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటకు రాదు, పొట్టలో ముద్ద కడుతుంది. 2019 అక్టోబరులో చెన్నైలో ఒక ఆవుకు శస్త్రచికిత్స చేసినప్పుడు పొట్టలోంచి 52 కిలోల ప్లాస్టిక్ బయటపడింది. పుట్టపర్తికి చెందిన కరుణ సొసైటీ ఈ సమస్య మీదనే 2012లో సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కింది. పాలు తగ్గాయని, మేత తినడం లేదని మందులు మింగించే రైతు ముందుగా తన గేదె ఏ వీధిలో, ఏ చెత్తకుప్ప దగ్గర తిరిగి వస్తున్నదో చూసుకోవడం మంచిది. అన్నం కూరలు కవర్లో మూట కట్టి పారేయకూడదనడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు.

అరటి సీమలో ప్లాస్టిక్ విస్తరి!

రావులపాలెం అరటి మార్కెట్ నుంచి గెలలు లారీల మీద పై రాష్ట్రాలకు పోతుంటాయి. ఆ పక్క ఊళ్ళలోనే పెళ్ళికి, వ్రతానికి, దినానికి ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు విస్తళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలియని వింత. అరటాకు కడిగితే శుభ్రం, తిన్నాక పెంటలో వేస్తే ఎరువు. పూత విస్తరి కుళ్ళదు, పశువు నమిలితే ప్రమాదం, కాలిస్తే కంపు. కాగితపు కప్పు అని అనుకునే దానికి కూడా లోపల ప్లాస్టిక్ పొర వుంటుందని చాలామందికి తెలియదు. ఆ పొర లేకపోతే అందులో టీ నిలవదు.

ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువుల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. 120 మైక్రాన్ల కంటె పలుచని క్యారీ బ్యాగులపై అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం వుంది. ఉత్తర్వులు వున్నాయి సరే, సంతలో ఏం జరుగుతున్నదో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో 2022లో గ్రామాల్లో స్టీలు బ్యాంకులు మొదలుపెట్టారు. కంచాలు, గ్లాసులు, బకెట్లు, గరిటెలు మహిళా సంఘాల దగ్గర వుంచుతారు. శుభకార్యం వున్నవారు అద్దెకు తీసుకుని, తోమి తిరిగి ఇస్తారు. సంఘానికి ఆదాయం, ఊరికి చెత్త తక్కువ. డ్వాక్రా సంఘాలు బలంగా వున్న ఈ జిల్లాలో ఒక్కో ఊళ్ళో ఒక్కో సంఘం నూరు గ్లాసులతో మొదలుపెట్టినా చాలు. పూర్వం ఊరుమ్మడి గుండిగలు, గంగాళాలు వుండేవి కదా, అదీ ఈ పద్ధతే. అంట్లు తోమే మనిషి కూలి గిట్టదనే మాట పెళ్ళివారి దగ్గర వినపడుతుంది. విస్తళ్ళు, కప్పులు, నీళ్ళ సీసాల బిల్లు పక్కన ఆ కూలిని వేసి చూసుకున్న తరువాత ఆ మాట అంటే బాగుంటుంది.

ఊట నేలలో ఎరువు కుప్ప

చెక్కులు, ఎంగిలాకులు, వాకిలి వూడ్చిన ఆకు అలములతో ఎరువు చేసుకోవాలంటే గుంట తవ్వమని పుస్తకాల్లో వుంటుంది. కోనసీమలో ఆ సలహా అన్నిచోట్లా పనికిరాదు. వానాకాలం మూడు అడుగులు తవ్వితే ఊట నీరు వస్తుంది. గుంటలో వేసింది ఎరువు కాకుండా కుళ్ళి కంపు కొడుతుంది. అందువల్ల నేల మీదే కుప్ప కట్టుకోవడం మేలు. పెరట్లో మెరక చోట మూడు అడుగుల పొడవు, వెడల్పు వుండేలా విరిగిన ఇటుకలతో గాలి ఆడే సందులు వదిలి గోడ పేర్చుకోవచ్చు. ఇటుకలు లేనివారు మట్టలతో తడిక అల్లుకోవచ్చు. మహారాష్ట్ర రైతు నారాయణ్ పాంఢరీపాండే పేరు మీద వచ్చిన నాడెప్ పద్ధతి కూడా ఇటువంటిదే. ఆయన తొట్టి పొడవు 10 అడుగులు, వెడల్పు 6, ఎత్తు 3 అడుగులు. అది రైతుకు సరిపోతుంది, ఒక ఇంటికి అంత అవసరం లేదు.

వంటింటి తడి చెత్త బెత్తెడు మందాన వేశాక దాని మీద ఎండుటాకులు, ఆ పైన పలుచగా పేడనీళ్ళు, గుప్పెడు మన్ను చల్లాలి. ఇలా వరుసలు పేరుస్తూ పోవాలి. గుప్పిట పట్టి పిండితే చెయ్యి తడి కావాలి, నీరు కారకూడదు. కంపు వస్తోందంటే తడి ఎక్కువయిందని అర్థం, ఎండుటాకు వేయాలి. చీమలు పట్టాయంటే పొడిబారిందన్న మాట, నీళ్ళు చల్లాలి. నెలకోసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లని ఎరువు చేతికి వస్తుంది. ఒక కుప్ప మాగుతుండగా రెండో దానిలో వేసుకోవచ్చు.

కుప్ప వుంటే పాములు వస్తాయని ఆడవారు భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు. అన్నం మెతుకులు పైన కనిపిస్తే ఎలుకలు, ఎలుకల వెనుక పాములు చేరతాయి. అన్నం ఎప్పుడూ కుప్ప మధ్యలో వేసి మన్ను కప్పాలి. చేప పొలుసు, రొయ్య పొట్టు కుప్పలో వేయకుండా కొబ్బరి పాదులో అడుగు లోతున పూడ్చిపెడితే కుక్కలు పెళ్ళగించవు, చెట్టుకూ బలం.

కొబ్బరి డొక్కల సంగతి వేరే చెప్పుకోవాలి. ఎండినవి కొనే పీచు మిల్లులు జిల్లాలో వున్నాయి. అమ్మగా మిగిలినవి, తడిసి ముక్కినవి రోడ్డు పక్కన కాల్చేస్తుంటారు. చెట్టు మొదలుకు ఆరేడు అడుగుల దూరంలో చుట్టూ గాడి తీసి, డొక్కల గుంట వైపు పైకి వుండేలా వరుసలుగా పేర్చి మన్ను కప్పితే, అవి వాన నీటిని పీల్చి పట్టి వేసవిలో చెట్టుకు అందిస్తాయి. ఐదారేళ్ళ దాకా వాటి ఉపయోగం వుంటుంది. వేసవిలో కాలువ కట్టేస్తే మోటారు మీద ఆధారపడే తోటల వారికి ఇది డీజిల్ ఖర్చు తగ్గించే సంగతి. ఇక తాగి పడేసిన బొండాలు, తిరగబడి వున్న చిప్పలు వానకు నీళ్ళు పడితే డెంగీ దోమకు పుట్టిళ్ళు. ఆ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి వాటిని బోర్లించినా చాలు.

అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు వీధిలోకి వదలకుండా పెరట్లో అరటి పిలకకు, కరివేపాకు చెట్టుకు మళ్ళించడం పాత పద్ధతే. పక్కింటి వారితో మురుగు తగాదాలు కూడా తగ్గుతాయి.

మూత పెట్టడమే పొదుపు

ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు వుంటుంది. ఖాళీ సిలిండరు బరువు దాని మెడ దగ్గర రాసే వుంటుంది. రెండూ కలిపి తూకం సరిపోయిందో లేదో ఇంటి ముందే చూసి తీసుకునే హక్కు వాడకందారుకు వుంది. మొహమాటపడి అడగనివారే ఎక్కువ. ఇక వంటలో ఒక చిన్న సంగతి: నీరు ఒకసారి మరగడం మొదలైన తరువాత మంట ఎంత పెంచినా ఆ నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రమే ఎక్కువ పోతుంది. అందుచేత పొంగు రాగానే మంట తగ్గించి మూత పెట్టాలి. బియ్యం అరగంట, కందిపప్పు గంట నానబెడితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది. శనగలు, బొబ్బర్లు రాత్రే నానబెట్టాలి. మంట నీలంగా కాక పచ్చగా వస్తూ గిన్నె అడుగు మసి పడుతుంటే బర్నరు రంధ్రాలు పూడుకున్నాయని తెలుసుకుని శుభ్రం చేయించాలి.

నాలుగు పశువులున్న రైతులు గోబర్ గ్యాసు సంగతి మళ్ళీ ఆలోచించవచ్చు. 1981-82 నుంచి కేంద్రం జాతీయ పథకం కింద వీటిని ప్రోత్సహించింది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ సుమారు 50 కిలోల పేడ కావాలి. ఒకే గేదె వున్న ఇంటికి అది పని చేయదు, అలాంటి చోట కట్టించుకుంటే దొడ్లో సిమెంటు దిమ్మె మిగులుతుంది. పేడ సరిపడా వున్నచోట మాత్రం గ్యాసుకు గ్యాసు, మడ్డికి మడ్డి. ఆ మడ్డి మంచి ఎరువు.

కరెంటు బిల్లు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరిగే శ్లాబుల పద్ధతిలో వస్తుంది. కాబట్టి చివర ఆదా చేసే పది యూనిట్లే ఎక్కువ ఖరీదైనవి. దొడ్లో, వసారాలో ఇంకా వేలాడుతున్న పాత 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అదే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లు దాటుతుంది. కొత్తగా వస్తున్న 30 వాట్ల రకం ఫ్యానుకు 9 యూనిట్లు. పాడైనప్పుడు మార్చుకునేవారు ఈ లెక్క చూసుకోవాలి. బాగా తిరుగుతున్న ఫ్యాను పీకేసి కొత్తది కొనమని కాదు. ట్యాంకు పొర్లి సన్‌షేడు మీద నుంచి కారుతున్నా మోటారు ఆపని ఇళ్ళ గురించి రాయడం అనవసరం, వీధిలో అందరికీ తెలిసిందే.

ఈ పొదుపు వద్దు

పొదుపు పేరుతో ప్రాణాల మీదకు తెచ్చుకునే పనులు కొన్ని పల్లెల్లో ఇంకా జరుగుతున్నాయి. అన్నిటిలోకి ఘోరమైనది పురుగుమందు డబ్బాలు కడిగి నీళ్ళకు, నూనెకు, కిరోసిన్‌కు వాడడం. గట్టి డబ్బా, పారేయడానికి మనసొప్పదు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్టు పరీక్షల్లో తేలింది. పొలాల్లో ఇక్కడి రైతులకు కూడా తెలిసిన మందే అది. ఆ డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా ఇంటి వాడకానికి పనికిరావు. మూడుసార్లు కడిగి, ఆ నీళ్ళు పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పెట్టి వేరుగా వుంచాలి. చిల్లు పెట్టకపోతే ఎవరో ఒకరు ఏరుకుపోయి దాంట్లో నీళ్ళు పోసుకుంటారు. కాలువ రేవులో కడగడం అసలే వద్దు.

పొయ్యి రాజేయడానికి, నీళ్ళు కాచుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు, పాత పైపు ముక్కలు మంటలో వేయడం మరొకటి. ఆ పొగలోని విషం ముందుగా సోకేది పొయ్యి దగ్గర కూర్చున్న వారికీ, చంకలోని బిడ్డకూ. ఆకులతో, పీచుతో రాజుకోని పొయ్యి లేదు. గారెలు, బజ్జీలు వేసిన నూనె నల్లబడి, నురుగు కట్టి, పొగలు కక్కే దాకా మళ్ళీ మళ్ళీ కాచడం కూడా ఇటువంటిదే. పెయింటు డబ్బాల్లో ఆవకాయ నిలవ చేసేవారు ఒక జాడీ కొనుక్కుంటే పిల్లల కాలం దాకా వస్తుంది.

కొట్టు దగ్గరే మొదలు

ఇంటికి చేరిన చెత్తను ఏం చేయాలని తల పట్టుకోవడం కంటే అసలు తెచ్చుకోకపోవడం తేలిక. మోటారు సైకిలు హ్యాండిలుకు ఒక గుడ్డ సంచీ ఎప్పుడూ తగిలించి వుంచితే చేపలకు, కూరలకు కవరు అడగవలసిన పని లేదు. చేపలకు స్టీలు క్యారేజీ గిన్నె తీసుకువెళితే ఇంటికి వచ్చేసరికి నీరు కారదు కూడా. విడి సరుకులు అమ్మే కొట్లు వున్న ఊళ్ళలో పప్పు, ఉప్పు, బెల్లం విడిగా తీసుకోవచ్చు. షాంపూ పొట్లాలు సీసా కంటె చవక అని గృహిణులు అంటే కాదనడానికి లేదు, ఒక్కోసారి లెక్క అలాగే వస్తుంది. కాని ఆ పొట్లం కాగితం అనేక పొరలది, పాత సామాన్లవాడు కూడా దాన్ని ముట్టుకోడు. పెరట్లో కుంకుడు చెట్టు వున్నవారు, సంతలో శీకాయ దొరికేవారు నెలలో రెండుసార్లయినా వాటితో కానిస్తే నాలుగు పొట్లాలు తగ్గుతాయి.

పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల పేరుతో షెడ్లు కట్టారు. కొన్నిచోట్ల అవి నడుస్తున్నాయి, కొన్నిచోట్ల తాళం వేలాడుతున్నది. నడుస్తున్న చోట కూడా తడి, పొడి కలిపి బండిలో వేస్తే వాటిని విడదీయవలసింది పారిశుధ్య కార్మికుని వట్టి చేతులే. అందులో పగిలిన గాజు, సూదులు, వాడేసిన బ్లేడ్లు వుంటాయి. వీటిని విడిగా కాగితంలో చుట్టి, చెప్పి ఇవ్వడం కనీస మర్యాద. పాత సెల్ బ్యాటరీలు, ట్యూబులైట్లు కూడా విడిగానే ఇవ్వాలి.

అట్టలు, సీసాలు, ఇనుము పాత సామాన్లవాడికి ఇచ్చే అలవాటు అన్ని ఇళ్ళలో వుంది. పాలు కొనుక్కునే ఇళ్ళవారు పాల ప్యాకెట్లను కూడా అందులో చేర్చవచ్చు. మూల పూర్తిగా తెగిపోకుండా, ముక్క అంటుకుని వుండేలా కత్తిరించి పాలు పోసుకోవాలి. కవరును అప్పుడే ఒక గుక్కెడు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు మొక్కకు పోసి, తీగకు గుచ్చి ఆరబెడితే వాసన రాదు, ఈగలు ముసరవు. అవి కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. తెగిపోయిన ఆ చిన్న మూల ముక్కను మాత్రం ఎవరూ ఏరుకోరు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు తూము జల్లెడ దగ్గర చేత్తో బురద దేవితే వచ్చేవి ఎక్కువగా ఇటువంటి ముక్కలే.